కరోజన్ కాస్ట్: కిడ్నీలో పెద్ద కొమ్మలే వస్తున్నాయి, కొసలు రావడం లేదు

మొండికొమ్మ

మేక కిడ్నీ ధమని అచ్చు, అంటే నాళంలో రెజిన్ ఎక్కించి, అది బిగిశాక చుట్టూ ఉన్న కండను ఆసిడ్‌లో కరిగించి మిగిల్చేది. వాడినది పళ్ల పనికి వాడే కోల్డ్ క్యూర్ (వేడి పెట్టకుండానే బిగిసే) అక్రిలిక్, పొడి 1 వంతు, ద్రవం 1 వంతు. ముందు 200 మి.లీ. సెలైన్‌తో కడగడం, 20 మి.లీ. సిరంజితో చేత్తో ఎక్కించడం, తర్వాత గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో 3 రోజులు.

పెద్ద కొమ్మలు నున్నగా వచ్చాయి. వాటి చివరలు మాత్రం మొద్దుగా, గుండ్రంగా ఆగిపోయాయి. కింది కొస వైపు అసలేమీ లేదు. ఆసిడ్ మార్చేటప్పుడు మిగిలిన సన్న కొమ్మలు కూడా పొడిపొడిగా రాలాయి. ద్రవం పాలు పెంచితే సరిపోతుందా, రెజినే మార్చాలా?

ఉప్పునీరు

ఇవి మూడు వేర్వేరు జబ్బులు. ద్రవం పెంచితే ఒకటి కాస్త తగ్గుతుంది, ఇంకొకటి ముదురుతుంది, మూడోదానికి దానితో సంబంధమే లేదు.

ముందు కింది కొస సంగతి. కిడ్నీ ధమని హైలమ్ (నాళాలు కిడ్నీలోకి దూరే నొక్కు) దగ్గర ముందు శాఖ, వెనక శాఖ అని చీలుతుంది. కాన్యులాని (ధమనిలో దూర్చి కట్టే సన్న గొట్టం) కాస్త ఎక్కువ లోపలికి తోస్తే దాని కొన ఒక శాఖలో దూరి కూర్చుంటుంది, రెండో శాఖ నోరు మూసుకుపోతుంది. లేదంటే ఆ కొసకి వేరే ధమని విడిగా వచ్చి ఉంటుంది. అవయవాన్ని కోసి తీసేటప్పుడే అది తెగిపోతుంది, ఆ తర్వాత కొవ్వులో కనపడదు. కిడ్నీ ధమనులు అంత్య ధమనులు కదా, పక్క కొమ్మ వచ్చి ఆదుకోదు. ఒక్క శాఖ తప్పితే దాని వాటా మొత్తం ఖాళీ.

ఇది తెలియడానికి ఆసిడ్ దాకా ఆగక్కర్లేదు. సెలైన్ వెళ్లిన చోటల్లా కిడ్నీ ఎరుపు వదిలి పాలిపోతుంది. ఒక మూల ముదురు రంగులోనే ఉండిపోతే అక్కడికి దారి లేదన్నమాట. అప్పుడు కాన్యులా వెనక్కి లాగి మళ్లీ కట్టాలి, లేదా తెగిన కొమ్మను వెతికి దానికి రెండో కాన్యులా వెయ్యాలి. మచ్చ పోనంతవరకు రెజిన్ డబ్బా మూత తియ్యవద్దు.

కడగడానికి 200 మి.లీ. ఏ మూలకీ చాలదు. లెక్క మి.లీ.లలో కాదు, సిర నుంచి బయటికొచ్చే నీరు తేటగా అయ్యేదాకా. మామూలుగా అర లీటరు నుంచి లీటరు పడుతుంది. లీటరు సెలైన్‌కి 5,000 యూనిట్ల హెపారిన్ కలిపి, 37 డిగ్రీల దగ్గర వాడండి. చల్లటి సెలైన్‌కి ధమని గోడ బిగుసుకుంటుంది. హెపారిన్ కొత్త గడ్డలు కట్టకుండా ఆపుతుందే గానీ, అప్పటికే కట్టిన గడ్డను కరిగించదు. అందుకే అవయవం తాజాగా ఉండాలి, తీసిన కొద్ది గంటల్లో కడగడం పూర్తవ్వాలి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించినది ఈ పనికి రాదు. మంచు పలుకులు సన్న నాళాల గోడల్ని చీలుస్తాయి, రెజిన్ ప్రతి చీలికలోంచీ కారుతుంది. ఫార్మలిన్‌లో ఉంచినదీ వద్దు. గోడలు సాగవు, లోపలి రక్తం ఇటుకలా బిగుస్తుంది, ఆసిడ్ కూడా ఆ కండను కరిగించడానికి తంటాలు పడుతుంది.

ధమనిదారి

మొద్దు చివరల గురించి. అది చిక్కదనం ఒక్కటే అనుకుంటే సగం తప్పు. కోల్డ్ క్యూర్ పొడి అంటే చిన్న చిన్న అక్రిలిక్ పూసలు, ఒక్కొక్కటి పదుల మైక్రాన్లు. కలిపిన వెంటనే అవి ద్రవంలో కరిగిపోవు, ఉబ్బుతూ నెమ్మదిగా పైపొర వదులుతాయి. కేశనాళిక వ్యాసం 5 నుంచి 10 మైక్రాన్లు. అంటే రెజిన్ అక్కడికి చేరేలోపే పూసలు చిన్న ధమనుల్లో బిరడాల్లా ఇరుక్కుంటాయి. చిక్కదనం తగ్గించినా బిరడా బిరడానే.

కాబట్టి ముందు ఏం కావాలో తేల్చుకోండి. సెగ్మెంటల్, ఇంటర్‌లోబార్, ఆర్క్యుయేట్ ధమనుల (కిడ్నీ లోపలి పెద్ద, మధ్య తరహా కొమ్మలు) దాకా చాలనుకుంటే కోల్డ్ క్యూర్ చాలు. పొడి 1 వంతు, ద్రవం 2 వంతులు (కొలత పరిమాణంలో) కలిపి, పలుచటి గుడ్డలో వడకట్టి ఎక్కించండి. మేక కిడ్నీ ధమనికి 10 మి.లీ. కలిపితే సరిపోతుంది, ఎక్కువ కలిపితే గిన్నెలోనే వేడెక్కి తొందరగా బిగుస్తుంది. గ్లోమెరులస్ చుట్టలు (రక్తాన్ని వడకట్టే కేశనాళికల ఉండలు) కనపడాలంటే మాత్రం పూసల్లేని రెజిన్ కావాలి. ముందుగానే సగం పాలిమర్ చేసిన మిథైల్ మెథాక్రిలేట్‌తో ఆ దారి తెరిచింది మురకామి, 1971లో. మెర్కాక్స్ అనే రెజిన్ ఆ కుటుంబంలోదే. పూసల్లేని ఇంకో రెజిన్ పీయూ4ఐఐ, అది పాలియురెథేన్.

పాతపిపెట్

> సన్న కొమ్మలు పొడిపొడిగా రాలాయి

మూడో జబ్బు ఇదే. పైన చెప్పిన 1:2 పాలుతో ఇది పెరుగుతుంది, అందుకే మధ్యలో వస్తున్నాను.

గట్టిపడే చర్యను మొదలెట్టే బెంజాయిల్ పెరాక్సైడ్ ఉండేది పొడిలో. ద్రవంలో ఉండేది దాన్ని తట్టిలేపే అమీన్. పొడి తగ్గించారంటే నిప్పు తగ్గించి కట్టెలు పెంచినట్టు. రెజిన్ బిగిసినట్టే కనపడుతుంది గానీ లోపల మోనోమర్ (ఇంకా గట్టిపడని ద్రవం) మిగిలిపోతుంది. పెద్ద కొమ్మలో చర్య పుట్టించే వేడి అక్కడే నిలిచి మిగతా పని పూర్తి చేస్తుంది. సన్న కొమ్మ చుట్టూ ఉన్న తడి కండ ఆ వేడిని లాగేసుకుంటుంది, కాబట్టి అది చివరిదాకా పచ్చిగానే ఉంటుంది. ఆసిడ్‌లో రాలేవి అవే.

చెయ్యాల్సింది: ఎక్కించాక గది వేడిమి నీళ్లలో గంటసేపు తేలనిచ్చి, తర్వాత 50 డిగ్రీల నీళ్లలో రాత్రంతా ఉంచండి. 60 దాటనివ్వద్దు, మోనోమర్ మిగిలిన అక్రిలిక్ ఆ వేడికి మెత్తబడి వంగుతుంది. నీళ్లలో ఉంచడానికి ఇంకో కారణం: బల్ల మీద పెడితే కిడ్నీ తన బరువుకి తానే చదునవుతుంది, అచ్చూ అలాగే వస్తుంది. గాలి తగిలే చోట ఆక్సిజన్ అడ్డుపడి పైపొర జిగటగా మిగలడం ఇంకొకటి.

పెరాక్సైడ్ విడిగా కలపాలనుకునేవాళ్లకు: పొడిబారిన బెంజాయిల్ పెరాక్సైడ్ రాపిడికే పేలుతుంది. తడి పేస్టు రూపంలోనే వాడాలి. అమీన్‌ని దాంతో నేరుగా ఎప్పుడూ కలపకూడదు, ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది.

మొండికొమ్మ

అంటే కడగడం, కాన్యులా, 1:2, వడకట్టు, తర్వాత 50 డిగ్రీలు. సిరంజి ఒత్తిడి గురించి ఎవరూ అనలేదు. చేత్తో నొక్కడం తప్పా?

ఉప్పునీరు

తప్పే. లెక్క చూడండి. 20 మి.లీ. సిరంజి పిస్టన్ వైశాల్యం సుమారు 3 చదరపు సెంటీమీటర్లు. బొటనవేలితో 3 కిలోల బరువంత నొక్కితే, దారి మూసుకున్న క్షణంలో లోపల దాదాపు 750 మి.మీ. పాదరసం ఒత్తిడి. బతికున్న ధమని చూసేది 100 చుట్టుపక్కల. చిన్న సిరంజి అయితే ఇంకా ఘోరం, అదే వేలికి ఒత్తిడి పెరుగుతుంది. ఏ నాళం ముందు చీలుతుందో అక్కడ రెజిన్ కండలోకి పొంగి ముద్దలు కడుతుంది. ఆ ముద్దల్నే "దట్టమైన కేశజాలం" అని ఫొటోలు పెట్టేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి.

కడగడానికి సీసా ఎత్తే ఒత్తిడి. 136 సెం.మీ. నీటి మట్టం 100 మి.మీ. పాదరసానికి సమానం. 110 నుంచి 130 సెం.మీ. ఎత్తున వేలాడదీస్తే ధమనికి సరి. ఒక మెలిక ఉంది. ప్రవాహం నడుస్తున్నప్పుడు గొట్టం, కాన్యులా కొంత ఒత్తిడిని తినేస్తాయి. సీసా దగ్గరి అంకె అవయవంలో ఉండదు. కాన్యులాకి ముందు టీ ఆకారపు జోడింపు పెట్టి, అక్కడ కొలవండి.

రెజిన్‌కి: గట్టి సీసాలో రెజిన్, మూతకి రెండు గొట్టాలు. ఒకటి అడుగుదాకా వెళ్లి కాన్యులాకి, రెండోది పైనే ఆగి బీపీ కొలిచే పరికరం రబ్బరు బుడ్డికీ డయల్‌కీ. 100 నుంచి 120 మధ్య పట్టి ఉంచండి. సిర నోరు మొదట తెరిచే ఉంచాలి, లేకపోతే లోపల మిగిలిన సెలైన్‌కి పోయే దారి ఉండదు. కోల్డ్ క్యూర్‌తో సిరలో రెజిన్ కనపడకపోవచ్చు, అది లోపం కాదు. పలుచటి రెజిన్ వాడితే మాత్రం, సిరలో రంగు కనపడ్డాక సిర నోరు బిగించండి. ఆ తర్వాత కూడా ఒత్తిడి తియ్యకూడదు, గిన్నెలో మిగిలిన రెజిన్ జిగురుగా మారేదాకా పట్టి ఉంచాలి. ముందే వదిలేస్తే సాగిన ధమని ముడుచుకుని రెజిన్‌ని వెనక్కి తోసేస్తుంది.

కత్తెర

చిన్న చిన్నవి కొన్ని.

సిరంజి రబ్బరు పిస్టన్ మోనోమర్‌లో ఉబ్బి మధ్యలో ఇరుక్కుంటుంది. గాజుది గానీ, రబ్బరు లేని పాలీప్రొపిలీన్‌ది గానీ. పాలిస్టైరీన్ కప్పులో కలిపితే కప్పే కరుగుతుంది.

కాన్యులా కొనను వేడికి చూపి కొద్దిగా అంచు తేల్చండి, దారం జారదు. పట్టుదారంతో రెండు చోట్ల ముడి. ఎక్కించే ముందు కాన్యులాలో, గొట్టంలో సెలైన్ అంచుదాకా నింపి జోడించాలి. ఒక్క గాలి బుడగ చిన్న ధమనిలో చేరితే దాని అవతల ఏమీ నిండదు.

హైలమ్ చుట్టూ ఉన్న కొవ్వును పూర్తిగా ఒలిచెయ్యొద్దు. కోసిన చిన్న కొమ్మలు కారుతుంటే కట్టడానికి పట్టు అక్కడే దొరుకుతుంది.

లోబ్యూల్

ఇక్కడి అంకెలన్నీ ధమనివి. కాలేయానికి ఇవే వాడితే పాడవుతుంది, అందుకే చెప్తున్నాను.

పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో సహజ ఒత్తిడి 10 మి.మీ. పాదరసం లోపు. సీసాను 25 నుంచి 30 సెం.మీ. ఎత్తున పెడితే కడగడానికి చాలు, అంటే ఇంచుమించు 20 మి.మీ. 100 పెడితే కాలేయం కొన్ని క్షణాల్లో బిర్రుగా ఉబ్బి, తొడుగు కింద నీటి పొక్కులు లేస్తాయి. ఒకసారి పొక్కు వచ్చాక ఆ భాగం పోయినట్టే.

పిత్తనాళం కూడా పొయ్యాలనుకుంటే పిత్తాశయానికి వెళ్లే సిస్టిక్ నాళాన్ని ముందే కట్టెయ్యాలి. మరిచిపోతే రెజిన్ అంతా పిత్తాశయంలోకి పోయి, నాళాలు బోసిగా ఉండి, పక్కన కోడిగుడ్డంత ముద్ద వేలాడుతుంది. ఆ బరువుకి ఆసిడ్‌లో మిగతా అచ్చు విరుగుతుంది.

కాలేయంలో అచ్చు విలువ ఇక్కడ తెలుస్తుంది: పోర్టల్ సిర, హెపాటిక్ ధమని, పిత్తనాళం ముగ్గురూ ఒకే బాటలో జట్టుగా వెళ్తారు, హెపాటిక్ సిరలు వాళ్ల మధ్య హద్దుల్లో నడుస్తాయి. మనిషి కాలేయాన్ని 8 సెగ్మెంట్లుగా చూపిన ఫ్రెంచ్ సర్జన్ కుయినో పటం నిలబడింది ఇలాంటి అచ్చుల మీదే, 1950లలో. రెండు రంగుల్లో పోర్టల్, హెపాటిక్ సిరలు పోసి పట్టుకుంటే రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు కనపడతాయి. ఏ బొమ్మా దీన్ని ఇంత బాగా చెప్పదు. మేక, గొర్రె కాలేయాల్లో లోబ్‌ల అమరిక వేరు, 8 సంఖ్యను వాటి మీద బలవంతంగా అతికించకండి.

మొండికొమ్మ

రెండు రంగులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోకుండా ఎలా? కిడ్నీలో ధమని ఎరుపు, సిర నీలం అనుకుంటే మధ్యలో ఊదా రంగు గజిబిజి రాదా?

ధమనిదారి

మీరు తిట్టుకుంటున్న ఆ పూసలే ఇక్కడ పనికొస్తాయి. వడకట్టకుండా, 1:1 పాలులో ధమనికి ఎక్కించండి, కేశనాళికల ముందే ఆగిపోతుంది. అది జిగురు కట్టాక సిరకి తక్కువ ఒత్తిడితో నీలం. పెద్ద సిరల్లో కవాటాలుండే అవయవాల్లో ఈ ఎదురు దారి కుదరదు, కిడ్నీలో ఆ బెడద లేదు. రంగు పొడి నీటిలో, ఆసిడ్‌లో, క్షారంలో వెలవనిది కావాలి. మొత్తం బరువులో 1 శాతం లోపే. రంగు ఎక్కువైతే బిగుసుకోవడం దెబ్బతింటుంది.

కేశనాళిక

సూక్ష్మ అచ్చులు చేసేవాళ్ల తరఫున. పైన 3 రోజుల గాఢ ఆసిడ్ అన్నారు, అది పెద్ద కొమ్మలకు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం అయితే ఆసిడ్ మానేసి పొటాషియం హైడ్రాక్సైడ్ 5 నుంచి 7.5 శాతం, 40 నుంచి 50 డిగ్రీలు. రోజూ ద్రావణం మార్చి, మధ్యలో గోరువెచ్చని డిస్టిల్డ్ నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టాలి. కొవ్వు క్షారంలో సబ్బుగా మారి కడుక్కుపోతుంది, ఆసిడ్‌లో అయితే జిడ్డు తెరలా అచ్చుకి అతుక్కుంటుంది. చివర్న 2 నుంచి 5 శాతం ఫార్మిక్ ఆసిడ్‌లో కొద్ది నిమిషాలు ముంచితే సున్నపు మరకలు పోతాయి.

ఆరబెట్టడం దగ్గరే ఎక్కువ అచ్చులు చస్తాయి. నీటిలోంచి పైకి ఎత్తితే తలతన్యత సన్న కొమ్మల్ని ఒకదానికొకటి లాగి అంటిస్తుంది. డిస్టిల్డ్ నీళ్లలోనే గడ్డకట్టించి ఫ్రీజ్ డ్రై చెయ్యడం (మంచును కరగనివ్వకుండా నేరుగా ఆవిరి చెయ్యడం) మేలు. అక్రిలిక్‌ని ఆల్కహాల్‌లో ముంచొద్దు, పగుళ్లిస్తుంది. అసిటోన్ అయితే చెప్పక్కర్లేదు. తర్వాత బంగారు పూత, మైక్రోస్కోపులో తక్కువ వోల్టేజి, 5 నుంచి 10 కిలోవోల్టులు. అంతకు మించితే సన్న కొమ్మలు కిరణానికే వణుకుతాయి, కరుగుతాయి.

ఇక చూడటం. ధమనా సిరా అని పోల్చుకోవడానికి రంగు అక్కర్లేదు. లోపలి పొర కణాల కేంద్రకాలు రెజిన్ మీద గుంటలుగా అచ్చు పడతాయి. ధమనిలో అవి కోలగా, నాళం పొడవు వెంట వరసగా ఉంటాయి. సిరలో గుండ్రంగా, చెల్లాచెదురుగా. ఒక చోట గుంటలు కోలగా ఉండి, చివర నున్నగా గుండ్రంగా ముగిస్తే అది నిజమైన ముగింపు కాదు, రెజిన్ ఆగిన చోటు. మొండికొమ్మ గారి మొద్దు చివరలు ఇవే.

సన్న నాళంలో 2 మైక్రాన్ల చిల్లు కనపడితే వెంటనే బుడగ అనుకోవద్దు. ఎదిగే ఎలుక ఊపిరితిత్తి అచ్చుల్లో కనపడ్డ అలాంటి చిల్లుల నుంచే 1986లో కాడఫ్, ఫిషర్, బర్రీ నాళం తనని తాను నిలువునా చీల్చుకుని రెండవుతుందని చెప్పారు. చిల్లు అంటే అక్కడ కండ స్తంభం ఉండొచ్చని. 

పాతపిపెట్

కొలతలు తీసేవాళ్లు ఇది కూడా రాసుకోండి. శుద్ధ మిథైల్ మెథాక్రిలేట్ గట్టిపడితే ఘనపరిమాణం 21 శాతం తగ్గుతుంది. వ్యాసంలో అది 7.6 శాతం. పళ్ల పనిలో వాడే పాలులో, అంటే పొడి 3 వంతులకు ద్రవం 1 వంతు అయితే, పరిమాణం 7 శాతం వరకు తగ్గుతుంది, వ్యాసం 2.4 శాతం. మీ 1:2 పాలు ఈ రెంటి మధ్య ఎక్కడో. కాబట్టి "ధమని వ్యాసం 1.42 మి.మీ." అని రెండు దశాంశాలు రాసే ముందు అదే పాలు రెజిన్‌ని తెలిసిన వ్యాసం గల గాజు గొట్టంలో పోసి, ఎంత తగ్గిందో కొలవండి.

కొమ్మల నిష్పత్తులకు మాత్రం ఈ భయం లేదు. 1926లో మర్రే చెప్పిన సూత్రం ప్రకారం తల్లి కొమ్మ వ్యాసార్ధం ఘనం, పిల్ల కొమ్మల ఘనాల మొత్తానికి సమానం. సమాన కవలలుగా చీలితే ఒక్కొక్కటి తల్లిలో 0.794. అంతా ఒకే లెక్కన కుంచించుకుంటే ఈ నిష్పత్తి మారదు, కోణాలూ మారవు. అచ్చు నుంచి నమ్మకంగా తీసుకోగల కొలతలు అవే.

కత్తెర

సెల్యులోజ్ అసిటేట్ బ్యూటిరేట్ అనే ప్లాస్టిక్ వాడేవాళ్ల సంగతి? అసిటోన్‌లో కరిగించి పోస్తారు కదా.

పాతపిపెట్

కుంచించుకోవడంలో దానికి పోటీ లేదు. 15 శాతం ద్రావణం అంటే 85 పాళ్లు ఆవిరయ్యే అసిటోనే. ఒకసారి పోసి వదిలేస్తే చదునైన రిబ్బన్లు వస్తాయి. 24 నుంచి 48 గంటలు కాన్యులా అలాగే ఉంచి, కొన్ని గంటలకోసారి పల్చటిది తర్వాత చిక్కటిది నింపుతూ ఉండాలి. పెద్ద నాళాలకు, ఓపిక ఉన్నవాళ్లకు. దానికి సౌకర్యం ఒకటే, తొందరపెట్టే గడియారం లేదు.

లోబ్యూల్

ఊపిరితిత్తి గాలిగొట్టాలకు నా ఓటు సిలికోన్‌కి. అక్రిలిక్ విరుగుతుంది, ఇది వంగి మళ్లీ లేస్తుంది, తరగతిలో పది చేతులు మారినా బతుకుతుంది. తేమ తగిలి బిగిసే ఒంటి గొట్టం రకం పైనుంచి లోపలికి నెమ్మదిగా బిగుస్తుంది, లావు బ్రాంకస్ మధ్యలో వారమైనా పచ్చిగానే ఉండొచ్చు. రెండు భాగాలు కలిపే రకం మేలు. ముందు ఊపిరితిత్తిలో గాలిని వాక్యూమ్‌తో లాగాలి, లేకపోతే ప్రతి లోబ్ కొనలో గాలి చిక్కుకుని అక్కడే ఆగుతుంది.

మేక, గొర్రె, పంది ఊపిరితిత్తుల్లో కుడి పై లోబ్‌కి గొట్టం ప్రధాన చీలిక కంటే ముందే శ్వాసనాళం పక్కనుంచి వస్తుంది. కాన్యులా దాన్ని దాటి దిగితే ఆ లోబ్ మాయం. ఇది కిడ్నీ కింది కొస కథే.

మొండికొమ్మ

ఆసిడ్ సంగతి కూడా చెప్పండి. ఏ పాత్ర, ఎంత, ఎలా పారబొయ్యాలి?

పాతపిపెట్

మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా లేదా గాజు. ఉక్కు వద్దు, క్షారానికి అల్యూమినియం అసలే వద్దు, హైడ్రోజన్ పొంగుతుంది. అవయవం పరిమాణానికి కనీసం 5 రెట్లు ద్రవం. పొగలు లాగే హుడ్‌లో మాత్రమే. పలుచన చేసేటప్పుడు నీళ్లలోకి ఆసిడ్, తిరగేసి కాదు. క్షారం కూడా చల్లటి నీళ్లలోకి కొద్దికొద్దిగా, బాగా వేడెక్కుతుంది. తెల్లగా రావాలని బ్లీచ్ కలిపే అలవాటున్నవాళ్లు ఆగండి: ఆసిడ్ తడి ఉన్న అచ్చు మీద హైపోక్లోరైట్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఆసిడ్, క్షారం మార్చి మార్చి వాడితే మధ్యలో గంటల తరబడి పారే నీళ్లు.

మోనోమర్ సంగతి మరవద్దు. 10 డిగ్రీలకే ఆవిరి అంటుకుంటుంది, లేటెక్స్ గ్లవ్ లోంచి చర్మం చేరుతుంది, అలర్జీ ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది. నైట్రైల్ గ్లవ్ కాస్త మేలు, అదీ మోనోమర్ చింది తడవగానే మార్చాలి.

పారబోసే ముందు తటస్థం చేసి, పీహెచ్ పట్టీతో చూసి, ల్యాబ్ వ్యర్థాల డబ్బాకే.

కత్తెర

డబ్బా అడుగున కుళాయి ఉన్నది తీసుకోండి. ద్రవాన్ని పైనుంచి వంచి పోస్తే అచ్చు గోడకి కొట్టుకుంటుంది. కుళాయి తిప్పి నెమ్మదిగా దించి, అంతే నెమ్మదిగా నీళ్లు ఎక్కించండి. మిగిలిన కండ పోగుల్ని లాగకండి, సన్నటి నీటి ధారతో నీళ్ల అడుగునే కొట్టండి. రాకపోతే ఇంకో రోజు ఆసిడ్‌లో ఉండనివ్వండి.

మొండికొమ్మ

రెండో కిడ్నీ కడిగి చూశాను. 700 మి.లీ. తర్వాత సిర నీరు తేటపడింది, వెనక వైపు సగం మాత్రం ముదురు ఎరుపులోనే ఉంది. కాన్యులా 1 సెం.మీ. వెనక్కి లాగి కట్టాక అదీ పాలిపోయింది. ఇప్పుడు వెనక్కి లాగిన చోట పాత ముడి గుర్తు దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. రెజిన్ కలపొచ్చా?

ఉప్పునీరు

వద్దు. సెలైన్ చుక్కగా కారే చోట 120 మి.మీ. ఒత్తిడికి పలుచటి రెజిన్ కూడా దారి చూసుకుంటుంది. పాత ముడి గుర్తుకి ఇటు కిడ్నీ వైపు, కాన్యులా కొన ఇంకా లోపల ఉన్న చోట మరో ముడి వేసి, 10 నిమిషాలు అదే ఒత్తిడిలో ఉంచి, కింద ఆరిన తెల్ల కాగితం పరచండి. కాగితం పొడిగా ఉంటే కలపండి.